తోంగ్ తిక్-సాంగ్: గొంతు చూసి రాసిన రచయిత

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోంది కదా? సరే, మొదలుపెడతాను.

హాంకాంగ్ సినిమా అనగానే మనకి బ్రూస్ లీ, జాకీ చాన్ గుర్తొస్తారు. మన థియేటర్లకి వచ్చినవి ఎక్కువగా ఆ ఫైటింగు సినిమాలే కాబట్టి అది సహజం. కానీ వాటికి ముందు, 1950లలో, అక్కడ కాంటొనీస్ భాషలో ఏడాదికి సుమారు 150 సినిమాలు తయారయ్యేవి, వాటిలో దాదాపు మూడో వంతు పాటల సినిమాలు. పాటలంటే మధ్యలో వచ్చే డ్యూయెట్లు అనుకోకండి. కాంటొనీస్ ఒపెరా అని వాళ్ళకి ఒక పాత సంగీత నాటకం ఉంది, గాంగులు, డప్పులు, పట్టు దుస్తులు, రాజులు, రాకుమార్తెలు, దాన్నే తెచ్చి కెమెరా ముందు నిలబెట్టారు. ఆ సినిమాల్లో ఇవాళ్టికీ జనం చూసేవి, పాడుకునేవి ఏవని చూస్తే, వాటిలో చాలావాటికి మూలం ఒకే మనిషి దగ్గర తేలుతుంది. ఆయన పేరు తోంగ్ తిక్-సాంగ్. 1917లో పుట్టాడు, 1959లో పోయాడు, అంటే 42 ఏళ్ళు. మొదటి నాటకం 1938లో వచ్చింది. అక్కణ్ణుంచి ఆఖరి రోజు వరకు రాసిన నాటకాలు 400 పైచిలుకు. అవికాక సినిమా స్క్రిప్టులు రాశాడు, కొన్ని సినిమాలకి తనే దర్శకత్వం వహించాడు, కొన్నిట్లో నటించాడు కూడా.

400 అనేసరికి మనలో చాలామందికి ఒక అనుమానం వస్తుంది. 21 ఏళ్ళలో 400 అంటే మూడు వారాలకి ఒకటి కంటే ఎక్కువ, అంత రాస్తే అందులో ఏముంటుంది, అచ్చులో పోసినట్టు ఉంటాయేమో అని. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఈ అనుమానం గురించే. ఆయన మంచి నాటకాలు రాయగలిగింది అంత ఎక్కువ రాసినందువల్లనే అని నా నమ్మకం. ఎవరు పాడతారు, ఎవరు ఏడిపిస్తారు, ఎవరి గొంతు ఎక్కడిదాకా వెళ్తుంది, ఎవరు కళ్ళతోనే సీను నడిపిస్తారు, ఇవన్నీ తెలియాలంటే వందల రాత్రులు పక్క తెర వెనక నిలబడాలి. ఆయన నిలబడ్డాడు.

వాళ్ళ కుటుంబానిది మకావ్ పక్కనే ఉన్న తాంగ్‌జియావాన్ అనే ఊరు, ఇప్పుడది జూహాయ్ నగరంలో కలిసిపోయింది. 1937లో జపాన్ చైనా మీద పడ్డాక ఈయన హాంకాంగ్ చేరాడు. అక్కడ సిత్ కోక్-సిన్ అని ఒక మహానటుడు ఉండేవాడు, ఆ కాలానికి కాంటొనీస్ రంగస్థలం మీద ఆయన మాటే చెల్లుబాటు. సిత్ భార్య తోంగ్‌కి వరసకి అక్క అవుతుంది, అంటే మన లెక్కలో సిత్ ఈయనకి బావగారు. ఆ చుట్టరికంతో సిత్ కంపెనీలో పని దొరికింది. ఏం పనంటే, నకళ్ళు రాసే పని. సీనియర్ రచయితలు రాసిన నాటకాన్ని ఒక్కొక్క నటుడికీ ఎవరి భాగం వాళ్ళకి విడగొట్టి చేత్తో రాసి ఇవ్వాలి. చిన్న పనే, కానీ ఆలోచించండి, ఇరవై ఏళ్ళ కుర్రవాడు రోజూ పెద్దవాళ్ళ నాటకాలు మొదటి మాట నుంచి చివరి మాట దాకా చేత్తో రాస్తున్నాడు, సాయంత్రం అదే నాటకం వేదిక మీద చూస్తున్నాడు, తను పొద్దున రాసిన ఏ లైనుకి జనం కదిలారో, ఏ లైనుకి పక్కవాడితో కబుర్లలో పడ్డారో తనకి కనపడుతోంది. రచయితకి ఇంతకంటే మంచి బడి నేను ఊహించలేను.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. సిత్ కోక్-సిన్ సినిమావాడు కూడా. 1933లో వచ్చిన 'తెల్లబంగారు డ్రాగన్' అనే సినిమా ఆయన రంగస్థలం మీద పేరు తెచ్చుకున్న నాటకమే, షాంఘైలో షా సోదరుల తియాన్యీ కంపెనీ తీసింది, కాంటొనీస్ టాకీలకి మొదట్లోనే పెద్ద మార్కెట్టు తెచ్చిపెట్టింది. అంటే తోంగ్ వచ్చేసరికే నాటకం ఇంటికి, సినిమా ఇంటికి మధ్య గోడ లేదు. వేదిక మీద ఆడిన నాటకం కొన్ని నెలల్లో తెరకెక్కేది, తెర మీద ఆడిన కథ వేదికకి దిగేది. కాబట్టి ఈయన్ని నాటక రచయిత అనాలా, సినిమా రచయిత అనాలా అంటే ఆ కాలంలో ఎవరూ అలా విడదీసి చూడలేదు, నేనూ విడదీయను.

ఇప్పుడు అసలు కష్టం దగ్గరికి వద్దాం. కాంటొనీస్‌లో పాట రాయడమంటే ఏమిటో తెలియకపోతే ఈయన చేసిన పని మనకి సగమే అర్థమవుతుంది. మన పద్యనాటకంలో నటుడు 'రామా' అని పై షడ్జంలో పాడినా కింద పాడినా రాముడు రాముడే, రాగం నటుడి ఇష్టం, అర్థానికి ఢోకా లేదు. కాంటొనీస్ స్వరాల భాష. అందులో ఆరు స్వరాలు, ఒకే అక్షరం ఏ స్వరంలో అంటే ఆ అర్థం వస్తుంది. 'సి' అనే శబ్దం తీసుకోండి. పైన నిలబెట్టి అంటే కవిత్వం, కింద నుంచి పైకి లాగితే చరిత్ర, మధ్యలో ఉంచితే ప్రయత్నించడం, బాగా కిందికి దింపితే కాలం, కిందే ఉంచి కొంచెం పైకి తిప్పితే బజారు, కిందే నిలబెడితే విషయం. ఇప్పుడు మీకొక పాత బాణీ ఇచ్చారు, దాని ఎత్తుపల్లాలు వందేళ్ళ కిందటే ఖాయమైపోయాయి, దానికి మాటలు రాయమన్నారు. బాణీ పైకి వెళ్ళే చోట పైస్వరం మాటే పడాలి, దిగే చోట దిగే మాటే పడాలి. లేకపోతే కవిత్వం అని పాడితే బజారు అని వినిపిస్తుంది, ఏడవాల్సిన చోట జనం నవ్వుతారు. పైగా ప్రాస కుదరాలి, కథ కదలాలి, పాత్ర మాట్లాడినట్టుండాలి. ఇన్ని సంకెళ్ళ మధ్య ఆయన మూడు వారాలకొక నాటకం రాశాడు.

ఆయన పక్కన సంగీతం తెలిసినవాళ్ళు ఉన్నారు. ముఖ్యంగా వోంగ్ యూత్-సాంగ్ అని ఒకాయన, పాత బాణీలు ఎంచి ఇచ్చేవాడు, అవసరమైతే కొత్తవి కట్టేవాడు. ఈ ఇద్దరి జోడీ గురించి తర్వాత మళ్ళీ చెప్తాను.

1941 డిసెంబర్ నుంచి 1945 ఆగస్టు దాకా హాంకాంగ్ జపాన్ చేతిలో ఉంది. అక్కడ సినిమాలు తీయడం ఆగిపోయినట్టే, కానీ నాటకాలు ఆగలేదు. ఈయనా ఆగలేదు. ఆకలి రోజుల్లో కంపెనీ బతకాలంటే కొత్త నాటకం కావాలి, పాతది చూసినవాడు మళ్ళీ రాడు. చెయ్యి తిరగడం అంటారే, అది ఈ సంవత్సరాల్లోనే జరిగింది అనుకుంటాను.

యుద్ధం అయ్యాక సినిమా మళ్ళీ లేచింది, లేవడం మామూలుగా లేవలేదు. ఆ వ్యాపారం ఎలా నడిచేదో వినండి. సింగపూర్, మలయా లాంటి చోట్ల కాంటొనీస్ మాట్లాడే చైనీయులు లక్షల్లో ఉన్నారు. అక్కడి డిస్ట్రిబ్యూటర్లు హాంకాంగ్ నిర్మాతకి ముందే అడ్వాన్సు పంపేవాళ్ళు, కథ చూసి కాదు, ఎవరు నటిస్తున్నారో ఆ పేర్లు చూసి. అడ్వాన్సు చేతిలో పడ్డాక సినిమా ఎంత తక్కువలో, ఎంత త్వరగా తీస్తే అంత మిగులు. ఏడు రోజుల్లో సినిమా తీసి పారేసేవాళ్ళు, వాటికి 'ఏడు రోజుల తాజా సరుకు' అని పేరు కూడా పడింది. ఒపెరా నటులకి ఊరూరా పేరుంది కాబట్టి అడ్వాన్సు సులువుగా వస్తుంది, పైగా వాళ్ళకి నాటకం నోటికొచ్చు, రిహార్సలు అక్కర్లేదు. పగలు షూటింగు, రాత్రి నాటకం. యామ్ కిమ్-ఫై అనే నటి ఉంది, ఆవిడ జీవితం మొత్తం మీద 300 పైన సినిమాల్లో నటించింది. ఆ వేగం అలాంటిది.

ఇలా తీస్తే నాసిరకం రాకుండా ఎలా ఉంటుంది? వచ్చింది, విపరీతంగా వచ్చింది. అక్కడి సినిమావాళ్ళే సిగ్గుపడి 1949లో 'శుభ్రత ఉద్యమం' అని ప్రకటన చేశారు. 1952లో సినిమా నటులు వేరు, ఒపెరా నటులు వేరు, ఎవరి దారిన వాళ్ళు పోదాం అనే గొడవ లేచింది. అదే ఏడు చుంగ్-లున్ అనే కంపెనీ పెట్టుకుని కొందరు మంచి నటులు ఒపెరా సినిమాలకి దూరంగా సాంఘిక సినిమాలు తీశారు, అవి చాలా గొప్ప సినిమాలు, వాళ్ళ కోపంలో న్యాయం ఉంది. కానీ చాలా చరిత్రలు ఇక్కడే ఆగిపోతాయి, ఒపెరా సినిమా అంటే చెత్త అని గీత గీసేస్తాయి. నాకు అక్కడ అభ్యంతరం ఉంది. అదే బురదలో, అదే అడ్వాన్సుల లెక్కల్లో, అదే తొందరలో కూర్చుని తోంగ్ ఏం చేశాడో చూడకుండా ఆ గీత గీయకూడదు.

ఉదాహరణకి ఫోంగ్ యిమ్-ఫన్ అనే ఒపెరా నటి. ఆవిడ గొంతుకి ఒక ప్రత్యేకత ఉంది, లోపల ఏదో విరిగినట్టు, అయినా లొంగనట్టు పాడేది, ఆ పాడే పద్ధతికి ఆవిడ పేరే పడింది. తోంగ్ ఆవిడకి దేవకన్యల కథలు మాత్రమే రాసి సరిపెట్టలేదు. 1954లో లూ సున్ కథ ఒకటి తీసుకున్నాడు. లూ సున్ అంటే ఆధునిక చైనా సాహిత్యానికి పెద్ద దిక్కు, ఆ కథ రెండుసార్లు వితంతువై, కొడుకునీ పోగొట్టుకుని, అశుభం అని పండగ పూట వంటింట్లో ఏ వస్తువూ ముట్టుకోనివ్వక చివరికి బిచ్చమెత్తుకుంటూ చచ్చిపోయిన ఒక పనిమనిషిది. దాన్ని ఒపెరాగా రాశాడు, లీ తిత్ దర్శకత్వంలో సినిమా అయింది. పట్టు చీరలూ కిరీటాలూ లేని ఒపెరా అది. జనం దేనికి డబ్బిస్తారో బాగా తెలిసిన మనిషి, అడ్వాన్సులు కిరీటాలకే వస్తాయని తెలిసిన మనిషి, ఫోంగ్ గొంతులో ఆ పనిమనిషి ఉందని విన్నాడు. అదే ఆవిడకి తర్వాత 'వేసవిలో మంచు' రాశాడు, చెయ్యని నేరానికి మరణశిక్ష పడిన కోడలి కథ, యువాన్ వంశం నాటి గ్వాన్ హాన్‌చింగ్ నాటకం దానికి మూలం. అది 1959లో సినిమాగా వచ్చింది. అందులో కూడా అదే గొంతు, అన్యాయాన్ని ఆకాశానికి ఫిర్యాదు చేసే గొంతు.

ఇక యామ్ కిమ్-ఫై, బాక్ సూట్-సిన్. ఈ జంట గురించి గంటసేపు మాట్లాడొచ్చు, మాట్లాడను. యామ్ స్త్రీ, కానీ వేసేది హీరో వేషం, పండిత యువకుడి వేషం. బాక్ హీరోయిన్. ఇద్దరూ 1956లో సిన్ ఫుంగ్ మింగ్ అనే సొంత కంపెనీ పెట్టి తోంగ్‌ని రచయితగా తీసుకున్నారు. మామూలుగా ఆ రోజుల్లో కంపెనీలు సీజనుకి బోలెడు కొత్త నాటకాలు దింపేవి. వీళ్ళు తక్కువ వేద్దాం, బాగా వేద్దాం అనుకున్నారు. బాక్ సూట్-సిన్ గట్టి మనిషి, స్క్రిప్టు నుంచి దుస్తుల దాకా ప్రతిదానిలో పట్టుదల ఉండేది. 18 ఏళ్ళుగా పరుగెడుతున్న రచయితకి మొదటిసారి కాస్త నిలబడి ఊపిరి పీల్చుకునే తీరిక దొరికింది. ఆయన ఆ తీరికని పాత పుస్తకాల మీద పెట్టాడు. యువాన్, మింగ్ కాలాల నాటకాలు తిరగేశాడు. తాంగ్ శియన్‌జు అని పదహారో శతాబ్దపు మహారచయిత, ఆయన 'పియొనీ మంటపం' 1956లో తీసుకున్నాడు, 'ఊదారంగు కొప్పుపిన్ను' 1957లో తీసుకున్నాడు. ఊరికే అనువదించలేదు. యాభై అంకాలుండే మూలాన్ని ఒక్క రాత్రి నాటకానికి కుదించి, ఎవరికి ఏది నప్పుతుందో అది పెంచి, నప్పనిది తీసేశాడు.

కొప్పుపిన్ను కథలో హీరోయిన్ గణిక. దీపాల పండగ రాత్రి జారిన కొప్పుపిన్ను దొరికి ఒక పండితుడు పరిచయమవుతాడు, పెళ్ళి చేసుకుంటారు. ఆ తర్వాత పెద్ద అధికారి ఒకడు అతన్ని తన కూతురికి కట్టబెట్టాలని చూస్తాడు. తోంగ్ రాసిన సీను ఒకటి ఉంది. ఈ అమ్మాయి కిరీటం పెట్టుకుని, పెళ్ళి బట్టలు కట్టుకుని, తిన్నగా ఆ అధికారి ఇంట్లోకి నడిచి వెళ్ళి, నా భర్తని నాకివ్వు అని వాదిస్తుంది. ఏడ్చి కాళ్ళ మీద పడదు, న్యాయం మాట్లాడుతుంది, ఎదుటివాడు ఒక మాటంటే దాన్ని పట్టుకునే తిప్పికొడుతుంది. కోర్టు సీన్లు ఇష్టపడేవాళ్ళు తప్పక చూడండి. లీ తిత్ దీన్ని 1959లో సినిమా తీశాడు.

సరే, అన్నిటికంటే పేరున్నది 'రాకుమారి పువ్వు', వాళ్ళ భాషలో తై న్యోయ్ ఫా. 1957 జూన్ 7న హాంకాంగ్‌లో లీ థియేటర్లో మొదటి ప్రదర్శన. 1644లో మింగ్ వంశం కూలిపోయింది. తిరుగుబాటుదారులు కోటలోకి వస్తున్నారు, చక్రవర్తి తన కూతురు వాళ్ళ చేతికి చిక్కకూడదని తనే కత్తి దూస్తాడు. ఆమె బతుకుతుంది. కొందరు మంచివాళ్ళు ఆమెని చనిపోయిన ఒక సన్యాసిని పేరు మీద ఆశ్రమంలో దాచిపెడతారు. పెళ్ళి కావాల్సిన యువకుడు ఆమె చనిపోయిందనుకుని తిరుగుతూ తిరుగుతూ మంచు కురిసే రోజున ఆ ఆశ్రమానికే వస్తాడు. ఎదురుపడ్డారు. అతను గుర్తుపట్టాడు. ఆమె ఒప్పుకోదు.

ఆ సీనులో తోంగ్ పనితనం చూడండి. ఆమె నేను కాదంటుంది. అతను ఇంకో వైపు నుంచి వస్తాడు. ఆమె మళ్ళీ కాదంటుంది, కానీ ఈసారి కాదనడానికి కొంచెం ఎక్కువ మాటలు వాడుతుంది. ఆ ఎక్కువ మాటల్ని అతను పట్టుకుంటాడు. తెలియని మనిషివైతే ఇంత వివరంగా ఎందుకు చెప్తున్నావు అన్నట్టు. ఇలా ఒక్కొక్క మెట్టూ ఎక్కించి, చివరికి అతను ప్రాణం తీసుకుంటానని బయల్దేరేదాకా ఆమె నోటి నుంచి నిజం రానివ్వడు తోంగ్. రెండే పాత్రలు, పెద్ద సెట్టు అక్కర్లేదు, కత్తియుద్ధం లేదు, అయినా ఊపిరి బిగబట్టి చూస్తాం. సినిమా స్క్రిప్టు నేర్చుకునే పిల్లలు ఇక్కడున్నారు కాబట్టి చెప్తున్నాను, సీను రాయడం అంటే ఇది.

తర్వాత ఇద్దరూ కొత్త రాజ్యానికి లొంగినట్టు నటిస్తారు. కొత్త చక్రవర్తికి ఆమె కావాలి, పాత రాజు కూతురే మనవైపు వచ్చిందంటే పాత రాజ్యం మనుషులు చల్లబడతారు. ఆమె దర్బారులో రెండు కోరికలు పెడుతుంది, నాన్నకి సరైన సమాధి, తమ్ముడికి విడుదల. ఇవ్వనంటాడేమో అని అందరి ముందూ ఏడుస్తుంది, ఆ ఏడుపు విని పాత మంత్రులంతా ఏడవడం మొదలుపెడతారు, ఇక ఆయనకి దారి లేదు. రెండూ సాధించుకుని, పెళ్ళిరాత్రి, మొదట్లో ఇద్దరూ మాట ఇచ్చుకున్న జంట చెట్ల కింద, పెళ్ళి మద్యంలో విషం కలుపుకుని తాగుతారు. చరిత్రలో ఆ రాకుమారి పెళ్ళయిన కొద్దికాలానికి జబ్బుతో పోయింది. తోంగ్ ఆమెకి ఓడిపోయిన దేశంలో ఒక గెలుపు ఇచ్చాడు.

ఆ ఆఖరి పాట దగ్గర కాసేపు ఆగుతాను. వోంగ్ యూత్-సాంగ్ ఒక పాత బాణీ తీసుకున్నాడు, పిపా అనే తంత్రీవాద్యం మీద వాయించేది, ఎప్పటిదో, మాటల్లేనిది. దానికి తోంగ్ మాటలు వేశాడు. రాలే పూలు వెన్నెలని కప్పేశాయని మొదలవుతుంది. ఇద్దరూ వంతులవారీగా పాడతారు. ఆమె ఒక చరణంలో ఏం చేస్తుందంటే, దొంగచాటుగా అతని వైపు చూస్తుంది. అతను ఏడుస్తున్నాడు. అంటే వెనక్కి తగ్గుతాడేమో అని భయం. అతను తనకి కావలసింది ఇద్దరికీ ఒకే సమాధి అంటాడు. ఇద్దరూ చనిపోయిన చక్రవర్తికి నమస్కరిస్తారు. జంటగా తల నెరిసేదాకా బతకాలని ఎవరికుండదు అంటుంది ఆమె, అతను కన్నీళ్ళతోనే విషం కలుపుతాడు. కప్పులు తాకిస్తారు. ఇదంతా నేను ముందు చెప్పిన సంకెళ్ళలోనే జరుగుతోంది, ప్రతి మాటా బాణీ ఎక్కిన చోట ఎక్కి దిగిన చోట దిగుతుంది, అయినా వింటే ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది. ఆ మాటలు ఆ బాణీతోనే పుట్టాయేమో అనిపిస్తుంది. హాంకాంగ్‌లో ఒపెరా గడప తొక్కనివాళ్ళకి కూడా దీని మొదటి లైను వచ్చు, పెళ్ళి విందుల్లో, కారియోకీ గదుల్లో ఇద్దరు లేచి పాడేస్తారు. విషం తాగే పాట పెళ్ళిలోనా అని మనకి ఆశ్చర్యం, వాళ్ళకి అది ప్రేమపాట.

1957 హాంకాంగ్ అంటే ఎవరున్నారో ఆలోచించండి. 1949 తర్వాత లక్షలమంది చైనా నుంచి దాటి వచ్చినవాళ్ళు. ఊరు వదిలారు, పెద్దల సమాధులు వదిలారు. నాన్నకి సరైన సమాధి కావాలి అని ఆ రాకుమారి అడిగినప్పుడు హాల్లో కూర్చున్నవాళ్ళకి ఏం గుర్తొచ్చి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇది నాటకం. సినిమా 1959లో వచ్చింది, దర్శకుడు జో గేయ్. నాలుగు గంటల నాటకం రెండు గంటలు అటూ ఇటూ సినిమా అవ్వాలి. ఒపెరా సినిమా తీసేవాళ్ళకి ఒక తలనొప్పి ఉంటుంది. వేదిక మీద ఒక బల్ల, రెండు కుర్చీలు చాలు, నటుడు ఒక చుట్టు తిరిగితే వంద మైళ్ళు ప్రయాణం చేసినట్టు, చేతిలో కొరడా ఉంటే గుర్రం మీద ఉన్నట్టు. కెమెరా ముందు అలా కుదరదు. నిజం గుర్రం తెస్తే దాని పక్కన పాట ఎబ్బెట్టుగా ఉంటుంది, తేకపోతే సినిమాలా ఉండదు. లీ తిత్ దీనికి చాలా మంచి దారి కనిపెట్టాడు, ముఖ్యంగా 'సీతాకోకచిలుక నీడ, ఎర్ర పియర్ పూలు' అనే సినిమాలో, అది కూడా 1959దే, తోంగ్ నాటకమే. ఏళ్ళ తరబడి కవితలు రాసుకుంటూ ప్రేమించుకున్న ఇద్దరు, ఒకరి మొహం ఒకరు చూడలేదు. తీరా ఎదురుపడేసరికి ఆమె తన పేరు చెప్పకూడని పరిస్థితి. అతను మత్తులో ఉంటాడు, ఆమె చాటు నుంచి చూస్తుంది. కథంతా చూడటం, చూడలేకపోవడం చుట్టూ ఉంది, అంటే కెమెరాకి పుట్టిన కథ. ఇలాంటి కథలు ఎంచుకోవడంలోనే తోంగ్‌లో సినిమా మనిషి కనపడతాడు. తలుపు చాటు, తెర చాటు, చేతిలో వస్తువు, కొప్పుపిన్ను, పూలకొమ్మ, ఇవి వేదిక మీద వెనక వరసకి కనపడవు, క్లోజప్‌లో కనపడతాయి.

ఆ సంవత్సరమే ఆయన పోయాడు. 1959 సెప్టెంబర్ 14, లీ థియేటర్లోనే, కొత్త నాటకం 'పునర్జన్మ ఎర్రపూల కథ' మొదటి ప్రదర్శన. క్రూరుడైన ఒక మంత్రి ఇంట్లో ఉంపుడుకత్తె, ఒక యువకుణ్ణి చూసి ఒక్క మాట అన్నందుకు మంత్రి కొట్టి చంపేస్తాడు. ఆమె దయ్యమై వచ్చి ఆ యువకుణ్ణి కాపాడుతుంది. బాక్ సూట్-సిన్ ఇందులో రెండు పాత్రలు వేసింది. తోంగ్ ప్రేక్షకుల్లో కూర్చుని చూస్తున్నాడు. నాటకం నడుస్తుండగానే మెదడులో రక్తస్రావమై కూలిపోయాడు, ఆసుపత్రికి తీసుకెళ్ళారు, 15వ తేదీ తెల్లవారేలోపే పోయాడు. శవపేటిక ఉన్న సీను నడుస్తున్నప్పుడు పడిపోయాడని చెప్పుకుంటారు, దాని చుట్టూ దయ్యాల కథలు చాలా అల్లారు. ఆ కథలు నాకు ఇష్టం లేదు. 42 ఏళ్ళ మనిషి, 21 ఏళ్ళు ఆ వేగంతో పని చేసిన మనిషి, ఒళ్ళు ఎంతకని ఓర్చుకుంటుంది?

ఆ ఆఖరి నాటకాన్ని యామ్, బాక్ సినిమాగా చెయ్యలేదు. 1968లో యామ్ శిష్యురాలు కోనీ చాన్ హీరో వేషం వేసి సినిమాగా వచ్చింది. యామ్, బాక్ ఇద్దరూ తమ శిష్యురాళ్ళతో చోర్ ఫుంగ్ మింగ్ అనే కంపెనీ నిలబెట్టి ఈ నాటకాలన్నీ వాళ్ళకి అప్పగించారు. 1970ల మొదట్లో కాంటొనీస్ సినిమా దాదాపు చచ్చిపోయింది, మాండరిన్ సినిమాలదే రాజ్యం, 1972లో కాంటొనీస్‌లో ఒక్క సినిమా కూడా రాలేదు. మళ్ళీ కాస్త ఊపిరి వచ్చాక, గోల్డెన్ హార్వెస్ట్ కంపెనీ 'రాకుమారి పువ్వు'ని ఆ శిష్యురాళ్ళతోనే తీయించింది, 1976లో విడుదలైంది. దర్శకుడు ఎవరో తెలుసా? జాన్ వూ. అవును, తర్వాత రెండు చేతుల్లో రెండు తుపాకులు, ఎగిరే పావురాలు, ఆ జాన్ వూనే. ఆయన సినిమాల్లో మగాళ్ళు ఒకరికొకరు ఇచ్చిన మాట కోసం చచ్చిపోతూ ఉంటారు కదా, దానికి మూలాలు వెతికేవాళ్ళు అమెరికన్ సినిమాలు, ఫ్రెంచి సినిమాలు చెప్తారు. తోంగ్ స్క్రిప్టు పట్టుకుని ఆ కుర్రదర్శకుడు గడిపిన రోజుల్ని కూడా ఆ లెక్కలో వేయమని నా మనవి.

లీ థియేటర్ 1991లో మూతపడింది, ఆ స్థలంలో ఇప్పుడు షాపింగ్ టవర్ ఉంది. 1959కి ముందు రాత్రుల్లో అక్కడ కూర్చుని చూసినవాళ్ళు కూడా తక్కువమందే మిగిలారు. 400 నాటకాల్లో ఇవాళ తరచుగా ఆడేవి చాలా కొద్ది, మిగతావాటిలో ఎన్నో ఎవరూ ఆడరు. ఆ కొద్దిటిలో యామ్ గొంతు, బాక్ చూపు ఎలా ఉండేవో, ఆయన ఎవరిని దృష్టిలో పెట్టుకుని రాశాడో ఆ మనుషులతో సహా మనకి మిగిలింది మాత్రం ఆ సినిమాల వల్లే. ఏడు రోజుల తాజా సరుకు అని తిట్టించుకున్న పరిశ్రమే ఈ పని చేసింది.

ఇందాక ఒకరు చీటీ పంపారు, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి అని. లీ తిత్ సినిమాలు రెండూ ముందు చూడండి, 'సీతాకోకచిలుక నీడ' మొదట, 'కొప్పుపిన్ను' తర్వాత. 'రాకుమారి పువ్వు'కి 1959ది చూసి, జాన్ వూది మర్నాడు చూడండి, ఒకే రోజు వద్దు. మొదటి పావుగంట ఆ గాంగుల మోతకి, సన్నటి గొంతుకి చెవి అలవాటు పడదు, ఓపిక పట్టండి. ఇప్పుడు ఆశ్రమంలో సన్యాసిని, ఆ యువకుడు ఎదురుపడే సీను వేస్తున్నారు. ఆమె ఎన్నిసార్లు కాదంటుందో, ప్రతిసారీ ఎలా అంటుందో గమనించండి. ప్రశ్నలుంటే అది అయ్యాక మాట్లాడుకుందాం. లైట్లు తీసేయండి.